యూడెవ్ అప్‌గ్రేడ్ తర్వాత లినక్స్ బూట్ కావడం లేదా? ఎక్కడ ఆగిందో పట్టుకుని బాగుచేసుకునే పద్ధతి

అప్‌డేట్ సాఫీగా అయిపోయింది, రీబూట్ కొట్టారు. లాగిన్ స్క్రీన్ రావాల్సిన చోట నల్లటి తెర, దాని మీద నాలుగు లైన్లు, ఒక ప్రాంప్ట్. టెన్షన్ రావడం సహజం. ముందుగా ఒక విషయం తెలుసుకోండి. యూడెవ్ అంటే లినక్స్‌లో పరికరాలను గుర్తించి సిద్ధం చేసే డివైస్ మేనేజర్. దాని అప్‌గ్రేడ్ మీ ఫైళ్ల జోలికి వెళ్లదు. డిస్క్‌లో ఉన్నవన్నీ దాదాపు ఎప్పుడూ అలాగే ఉంటాయి, అక్కడికి చేరే దారి మాత్రమే తెగిపోయి ఉంటుంది. కాబట్టి రీఇన్‌స్టాల్ ఆలోచనను పక్కన పెట్టండి. ఈ తరహా సమస్యకు రీఇన్‌స్టాల్ అవసరమైన సందర్భాన్ని నేను ఇంతవరకు చూడలేదు.

కమాండ్లను ఇక్కడ మనం పలికే తీరులో తెలుగులో రాశాను. టైప్ చేసేటప్పుడు ఇంగ్లీష్ చిన్న అక్షరాల్లో కొట్టాలి. డెవ్, ఈటీసీ, బూట్ అన్నవన్నీ రూట్ కింద ఉండే డైరెక్టరీలు.

యూడెవ్ రెండు చోట్ల ఉంటుంది

లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నల్, కొత్త పరికరం కనిపించగానే ఒక ఈవెంట్ పంపుతుంది. యూడెవ్ దాన్ని అందుకుని, రూల్స్ ఫైళ్లు చదివి, అవసరమైన డ్రైవర్ మాడ్యూల్‌ను లోడ్ చేయిస్తుంది. పర్మిషన్లు సరిచేస్తుంది, నెట్‌వర్క్ కార్డుకు పేరు పెడుతుంది, డెవ్‌లోని డిస్క్ డైరెక్టరీ కింద యూయూఐడీ (ప్రతి పార్టిషన్‌కు ఉండే ప్రత్యేక గుర్తింపు సంఖ్య) పేరుతో లింకులు తయారుచేస్తుంది. దీన్ని 2003లో గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ మొదలుపెట్టారు. 2012లో దీని సోర్స్ కోడ్‌ను సిస్టమ్‌డీలో, అంటే బూట్‌నూ సర్వీసులనూ నడిపించే ప్రోగ్రామ్‌లో కలిపేశారు. అందుకే ఇవాళ చాలా డిస్ట్రోల్లో (ఉబుంటు, ఫెడోరా లాంటి లినక్స్ రకాల్లో) యూడెవ్ అప్‌గ్రేడ్ అంటే సిస్టమ్‌డీ అప్‌గ్రేడే. ప్యాకేజీల జాబితాలో యూడెవ్ అన్న పేరే కనిపించకపోయినా అది మారి ఉండవచ్చు.

సమస్య ఎక్కడుందో పట్టించే విషయం మరొకటి ఉంది. 2009లో వచ్చిన 2.6.32 కెర్నల్ నుంచి డెవ్‌టీఎంపీఎఫ్‌ఎస్ అనే ఏర్పాటు ఉంది. ఇది వాడుకలోకి వచ్చాక డెవ్‌లో కనిపించే అసలు డివైస్ ఫైల్‌ను తయారుచేసేది యూడెవ్ కాదు, కెర్నలే. యూడెవ్ తయారుచేసేది లింకులను. డిస్క్ ఫైల్ ఉండి యూయూఐడీ లింకు లేకపోతే యూడెవ్‌ను అనుమానించాలి. డిస్క్ ఫైలే లేకపోతే డ్రైవర్ లోడ్ కాలేదని అర్థం. ఈ తేడా గుర్తుంటే ముందున్న పని చాలా తేలికవుతుంది.

ఇక అసలు చిక్కు. మీ మెషీన్‌లో యూడెవ్ ఒకటి కాదు, రెండు. ఒకటి రూట్ పార్టిషన్‌లో ఉంటుంది. రెండోది ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ ఇమేజ్‌లో, అంటే రూట్ పార్టిషన్ దొరికేదాకా మెమరీలో పనిచేసే చిన్న ఫైల్‌సిస్టమ్‌లో ఉంటుంది. అప్‌గ్రేడ్ మొదటిదాన్ని మారుస్తుంది. రెండోది మారాలంటే ఇమేజ్‌ను మళ్లీ తయారుచేయాలి. ఆ తయారీ సగంలో ఆగినా, తప్పు కెర్నల్‌కు జరిగినా, అసలు జరగకపోయినా బూట్ ఆగిపోతుంది. డెబియన్, ఉబుంటుల్లో యూడెవ్ ప్యాకేజీ మారగానే సాధారణంగా అన్నింటికన్నా కొత్త కెర్నల్‌కు చెందిన ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ ఇమేజ్ మళ్లీ తయారవుతుంది. ఫెడోరా వంటి వాటిలో మాత్రం కెర్నల్ ఇన్‌స్టాల్ అయినప్పుడే ఇమేజ్ తయారవుతుంది. అక్కడ ఈ వారం చేసిన యూడెవ్ అప్‌గ్రేడ్‌లోని లోపం వచ్చే నెల కెర్నల్ అప్‌డేట్ తర్వాత బయటపడవచ్చు. తప్పు నిన్నటి అప్‌డేట్‌దే అని ముందే తేల్చేసుకోవద్దు.

మొదటి అడుగు: తెరను చదవండి

గ్రబ్ (కెర్నల్‌ను లోడ్ చేసే బూట్‌లోడర్) మెనూ వచ్చాక 'ఈ' అనే ఇంగ్లీష్ అక్షరం కీ నొక్కండి. లినక్స్ అని మొదలయ్యే లైన్‌లో క్వైట్, స్ప్లాష్ అన్న మాటలు తీసేసి, కంట్రోల్‌తో పాటు ఎక్స్ నొక్కి బూట్ చేయండి. ఈ మార్పు ఆ ఒక్క బూట్‌కే ఉంటుంది కాబట్టి భయం లేదు. ఇప్పుడు లోగో బదులు సందేశాలు కనిపిస్తాయి. చివరి 20 లైన్లను ఫోన్‌తో ఫొటో తీసుకోండి. మళ్లీ చూద్దాంలే అనుకుంటే అవి దొరకవు.

గ్రబ్ మెనూనే రాకపోతే సమస్య యూడెవ్‌ది కాదు, బూట్‌లోడర్‌ది. అది వేరే కథ.

కెర్నల్ ప్యానిక్ అని, రూట్ ఫైల్‌సిస్టమ్‌ను మౌంట్ చేయలేకపోయానని, పక్కనే అన్‌నోన్-బ్లాక్(0,0) అని ఉంటే, కెర్నల్‌కు ఆ డిస్కే కనిపించలేదు. సాధారణంగా ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ లోడ్ కాకపోవడం, లేదా ఇమేజ్ పాడవడం దీనికి కారణం. ఆ సున్నాల చోట వేరే అంకెలుంటే డిస్క్ దొరికిందని, దాని మీది ఫైల్‌సిస్టమ్ మాత్రం అర్థం కాలేదని లెక్క.

ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అనో, డ్రాకట్ (ఫెడోరా కుటుంబంలో ఆ ఇమేజ్‌ను తయారుచేసే టూల్) అనో ప్రాంప్ట్ వచ్చి ఆగితే, ఇమేజ్ లోడ్ అయింది గానీ రూట్ పార్టిషన్ దొరకలేదు. మనం ఎక్కువ సమయం గడపాల్సింది ఇక్కడే.

ఏదో డివైస్ కోసం స్టార్ట్ జాబ్ నడుస్తోందని చెప్పి 1 నిమిషం 30 సెకన్ల దాకా లెక్కపెట్టి, ఆ తర్వాత ఎమర్జెన్సీ మోడ్‌లోకి వెళ్తే రూట్ దొరికింది, వేరే పార్టిషన్ ఏదో దొరకలేదు. ఇది వాటిలో తేలికైనది.

రెండో అడుగు: పాత కెర్నల్‌తో ప్రయత్నించండి

గ్రబ్‌లో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్లి అంతకు ముందున్న కెర్నల్‌ను ఎంచుకోండి. పాత కెర్నల్ ఇమేజ్‌లో పాత యూడెవ్ ఉండే అవకాశం ఎక్కువ. డెబియన్ కుటుంబంలో ఇమేజ్ అప్‌డేట్ సాధారణంగా అన్నింటికన్నా కొత్త కెర్నల్‌కే జరుగుతుంది, పాతవి అలాగే ఉంటాయి. ఇలా బూట్ అయితే లైవ్ యూఎస్‌బీ (ఇన్‌స్టాల్ చేయకుండానే లినక్స్ నడిపే పెన్‌డ్రైవ్) అవసరం లేదు, ఆ సిస్టమ్‌లోంచే కింద చెప్పిన ఇమేజ్ తయారీ చేసుకోవచ్చు. ఆర్చ్ లాంటి రోలింగ్ (విడి వెర్షన్లు లేకుండా నిరంతరం అప్‌డేట్ అయ్యే) డిస్ట్రోల్లో పాత కెర్నల్ మిగలదు కాబట్టి వాళ్లు నేరుగా ముందుకు వెళ్లాలి.

మూడో అడుగు: ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ ప్రాంప్ట్ దగ్గర

ఈ ప్రాంప్ట్ చూసి కంగారుపడి పవర్ బటన్ నొక్కకండి. మెషీన్ లోపలి స్థితిని ఇంత దగ్గరగా చూసే అవకాశం మరెక్కడా రాదు.

ముందు కెర్నల్‌ను ఏం వెతకమని అడిగారో చూడండి. ప్రాక్ డైరెక్టరీలోని సీఎండీలైన్ ఫైల్‌ను క్యాట్‌తో చూస్తే రూట్= అన్న చోట యూయూఐడీ కనిపిస్తుంది. దాన్ని కాగితం మీద రాసుకోండి. తర్వాత బీఎల్‌కేఐడీ కమాండ్ కొట్టండి. కనిపించే ప్రతి పార్టిషన్ యూయూఐడీ తెరమీదకు వస్తుంది. మూడోది, ఎల్‌ఎస్‌తో డెవ్‌లో డిస్క్, దానిలో బై-యూయూఐడీ డైరెక్టరీని చూడండి. ఈ మూడింటినీ పక్కపక్కన పెడితే సమస్య తనంతట తానే బయటపడుతుంది.

బీఎల్‌కేఐడీ ఏమీ చూపించకపోతే, డెవ్‌లో ఎస్‌డీఏ గానీ ఎన్‌వీఎంఈ గానీ లేకపోతే, డ్రైవర్ రాలేదు. యూడెవ్ చేయాల్సిన పనిని మీరే చేతితో చేసి చూడండి. మోడ్‌ప్రోబ్ అని కొట్టి పక్కన మాడ్యూల్ పేరు ఇవ్వాలి. సాటా డిస్క్ అయితే ఏహెచ్‌సీఐ, ఎం.2 ఎస్‌ఎస్‌డీల్లో ఎక్కువ వాటికి ఎన్‌వీఎంఈ, వర్చువల్ మెషీన్ అయితే చాలాసార్లు వర్ట్‌ఐఓ అండర్‌స్కోర్ బీఎల్‌కే. డిస్క్ వెంటనే ప్రత్యక్షమైతే మాడ్యూల్ ఇమేజ్‌లో ఉంది, యూడెవ్ దాన్ని పిలవలేదు. మాడ్యూల్ దొరకలేదు అంటే యూనేమ్ హైఫన్ ఆర్ కొట్టి కెర్నల్ వెర్షన్ చూడండి. లిబ్ కింద మాడ్యూల్స్ డైరెక్టరీలో అదే వెర్షన్ పేరుతో ఫోల్డర్ ఉండాలి. లేదంటే కెర్నల్ ఒకటి, ఇమేజ్ మరొకటి. బూట్ పార్టిషన్ మౌంట్ కాని సమయంలో అప్‌గ్రేడ్ చేస్తే ఇలాంటి గందరగోళం జరగవచ్చు. కొత్త ఫైళ్లు మౌంట్ కాని బూట్ ఫోల్డర్‌లోకి వెళ్లిపోతాయి, గ్రబ్ మాత్రం అసలు పార్టిషన్‌లోని పాత కెర్నల్‌నే లోడ్ చేస్తుంది.

డిస్క్ ఉంది, బీఎల్‌కేఐడీలో సరైన యూయూఐడీ కూడా ఉంది, బై-యూయూఐడీలో మాత్రం లింకు లేదు. ఇది అచ్చంగా యూడెవ్ సమస్య. పీఎస్ కమాండ్‌తో యూడెవ్‌డీ నడుస్తోందో లేదో చూడండి. నడుస్తుంటే యూడెవ్‌ఏడీఎం ట్రిగ్గర్ కొట్టి, దాని వెంట యూడెవ్‌ఏడీఎం సెటిల్ కొట్టండి. మొదటిది ఈవెంట్లను మళ్లీ పుట్టిస్తుంది, రెండోది అవి పూర్తయ్యేదాకా ఆగుతుంది. నడవకపోతే, సిస్టమ్‌డీ-యూడెవ్‌డీని రెండు హైఫన్ల డీమన్ ఆప్షన్‌తో మొదలుపెట్టి, ఆ రెండు కమాండ్లూ మళ్లీ ఇవ్వండి. అది మొదలవకుండా ఫలానా లైబ్రరీ లేదని ఫిర్యాదు చేస్తే ఇమేజ్ అసంపూర్తిగా తయారైందని తేలినట్టే. లింకు వచ్చిందంటే ఎగ్జిట్ కొట్టండి, బూట్ ఆగిన చోటి నుంచి కొనసాగుతుంది. లోపలికి వెళ్లగానే ఇమేజ్‌ను మళ్లీ తయారుచేయడం మర్చిపోవద్దు. లేకపోతే తర్వాతి రీబూట్‌లో మళ్లీ ఇక్కడికే వస్తారు.

రెండు యూయూఐడీలు కలవకపోతే గ్రబ్‌లో మళ్లీ ఆ 'ఈ' కీ నొక్కి సరైనది టైప్ చేసి బూట్ చేయండి. అక్కడ యూయూఐడీకి బదులు ఎస్‌డీఏ2 లాంటి పేరు ఉంటే దాన్ని ఈ అవకాశంలోనే మార్చేయండి. డిస్కులు కనిపించే వరుస ప్రతి బూట్‌లో ఒకేలా ఉంటుందన్న హామీ కెర్నల్ ఇవ్వదు. నిన్నటి ఎస్‌డీఏ ఇవాళ ఎస్‌డీబీ కావచ్చు.

రూట్ ఎల్‌వీఎం (డిస్క్ స్థలాన్ని వాల్యూమ్‌లుగా పంచే ఏర్పాటు) మీద ఉంటే ఎల్‌వీఎం వీజీఛేంజ్ హైఫన్ ఏవై కొట్టి వాల్యూమ్‌లను మేల్కొలపండి. ఎన్‌క్రిప్ట్ చేసిన డిస్క్ అయితే ముందు క్రిప్ట్‌సెటప్ ఓపెన్‌తో తెరవాలి, అప్పుడు క్రిప్ట్‌ట్యాబ్‌లో (ఎన్‌క్రిప్ట్ చేసిన డిస్కుల జాబితా ఉండే ఈటీసీలోని ఫైల్) ఉన్న పేరే ఇవ్వాలి. యూఎస్‌బీ డిస్క్ నుంచి బూట్ చేసేవాళ్లకు డిస్క్ మేల్కోవడమే ఆలస్యం కావచ్చు. డెబియన్ కుటుంబంలో కెర్నల్ లైన్‌కు రూట్‌డిలే=10 చేర్చి చూడండి.

ప్రాంప్ట్ వచ్చి కీబోర్డ్ పనిచేయకపోతే ఇమేజ్‌లో యూఎస్‌బీ కీబోర్డ్ మాడ్యూల్ లేదని అర్థం. అక్కడ ఇక కుస్తీ పట్టకుండా లైవ్ యూఎస్‌బీకి వెళ్లిపోండి.

నాలుగో అడుగు: లైవ్ యూఎస్‌బీ, సీహెచ్‌రూట్

ఏ డిస్ట్రో లైవ్ యూఎస్‌బీ అయినా సరే, ప్రాసెసర్ రకం ఒకటే అయితే చాలు. మీ సిస్టమ్ యూఈఎఫ్‌ఐలో (పాత బయోస్ స్థానంలో వచ్చిన ఫర్మ్‌వేర్) బూట్ అయ్యేదైతే యూఎస్‌బీని కూడా అలాగే బూట్ చేయండి.

1. ఎల్‌ఎస్‌బీఎల్‌కే హైఫన్ ఎఫ్ కొట్టి రూట్, బూట్, ఈఎఫ్‌ఐ పార్టిషన్లు ఏవో గుర్తించండి.

2. రూట్‌ను ఎంఎన్‌టీ మీద మౌంట్ చేయండి. బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అయితే సబ్‌వాల్యూమ్ పేరు కూడా ఇవ్వాలి. మౌంట్ అయ్యాక లోపల ఈటీసీ, యూఎస్‌ఆర్ కనిపిస్తేనే ముందుకు వెళ్లండి.

3. బూట్ వేరే పార్టిషన్ అయితే దాన్ని ఎంఎన్‌టీలోని బూట్ మీద మౌంట్ చేయండి. ఈఎఫ్‌ఐ పార్టిషన్‌ను మీ ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో (ఏ పార్టిషన్ ఎక్కడ మౌంట్ కావాలో రాసి ఉండే ఈటీసీలోని ఫైల్) ఎక్కడ రాసి ఉందో అక్కడే పెట్టండి. ఎక్కువమంది వదిలేసేది ఈ అడుగునే. తర్వాత ఇమేజ్ చక్కగా తయారవుతుంది, కానీ గ్రబ్ చూడని చోట తయారవుతుంది.

4. డెవ్, ప్రాక్, సిస్, రన్ ఈ నాలుగింటినీ మౌంట్ రెండు హైఫన్ల ఆర్‌బైండ్‌తో ఎంఎన్‌టీ లోపలి అవే పేర్ల మీదకు తెచ్చి, సీహెచ్‌రూట్ ఎంఎన్‌టీ కొట్టండి. ఇక మీరు కొట్టే కమాండ్లు లైవ్ యూఎస్‌బీలో కాక మీ సొంత సిస్టమ్‌లో నడుస్తాయి. ఆర్చ్ వాళ్లకు ఆర్చ్-సీహెచ్‌రూట్ ఈ అడుగంతా ఒక్కసారిగా చేసిపెడుతుంది.

ఇక్కడ మొట్టమొదట డీఎఫ్ హైఫన్ హెచ్ కొట్టి బూట్ పార్టిషన్‌లో ఖాళీ చూడండి. నా మెషీన్‌లో ఒకసారి గంటల తరబడి రూల్స్ ఫైళ్లన్నీ వెతికాను, చివరికి చూస్తే బూట్ 100 శాతం నిండి ఉంది. ఇమేజ్ సగం రాసి ఆగిపోయింది, ఆ ఎర్రర్ అప్‌డేట్ సందేశాల మధ్య ఎక్కడో కలిసిపోయింది. అప్పటినుంచి ఈ ఒక్క కమాండ్ కొట్టకుండా మరేమీ చేయను. నిండి ఉంటే పాత కెర్నల్ ప్యాకేజీలను ప్యాకేజీ మేనేజర్ ద్వారానే తీసేయండి, ఫైళ్లను చేతితో చెరపవద్దు.

తర్వాత, అప్‌గ్రేడ్ సగంలో ఆగిందేమో చూడాలి. డెబియన్ కుటుంబంలో డీపీకేజీ రెండు హైఫన్ల కాన్ఫిగర్ హైఫన్ ఏ, ఆపైన ఏపీటీ హైఫన్ ఎఫ్ ఇన్‌స్టాల్. సిస్టమ్‌డీ, యూడెవ్, లిబ్‌యూడెవ్ ప్యాకేజీల వెర్షన్లు మూడూ ఒకటేనా అని సరిచూడండి. ఒకటి కొత్తది, ఒకటి పాతది అయితే మీరు వెతుకుతున్నది దొరికినట్టే. ఆర్చ్‌లో కొన్ని ప్యాకేజీలే అప్‌గ్రేడ్ చేసి వదిలేస్తే ఇదే జరుగుతుంది. పూర్తి సిస్టమ్ అప్‌గ్రేడ్ ఒక్కటే దానికి మందు.

ఇప్పుడు ఇమేజ్ తయారీ. డెబియన్, ఉబుంటుల్లో అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ హైఫన్ యూ హైఫన్ కే ఆల్. ఫెడోరా కుటుంబంలో డ్రాకట్, రెండు హైఫన్ల ఫోర్స్, రెండు హైఫన్ల రీజెనరేట్-ఆల్. ఆర్చ్‌లో ఎంకేఇనిట్‌సీపీఐఓ హైఫన్ పెద్ద అక్షరం పీ. ఒక జాగ్రత్త: పాత కెర్నల్ ఇప్పటికీ బూట్ అవుతుంటే, దాని ఇమేజ్‌ను ముందు వేరే చోటికి కాపీ చేసుకోండి. అన్నింటినీ ఒకేసారి కొత్తగా తయారుచేస్తే పనిచేస్తున్న ఒక్కటి కూడా చేజారవచ్చు.

వెంటనే రీబూట్ చేయకండి. డెబియన్‌లో ఎల్‌ఎస్‌ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్, ఫెడోరాలో ఎల్‌ఎస్‌ఇనిట్‌ఆర్‌డీ, ఆర్చ్‌లో ఎల్‌ఎస్‌ఇనిట్‌సీపీఐఓ కమాండ్‌తో ఇమేజ్ లోపల ఏముందో చూడవచ్చు. యూడెవ్ పేరుతో ఫైళ్లు, మీ డిస్క్ డ్రైవర్ రెండూ ఉన్నాయని కళ్లతో చూశాకే రీబూట్ చేయండి. డ్రైవర్ కెర్నల్‌లోనే కలిసిపోయి ఉంటే విడి మాడ్యూల్ కనిపించదు, దానికి కంగారు పడనక్కర్లేదు.

రూల్స్ ఫైళ్లు

ఇమేజ్ బాగానే ఉన్నా బూట్ నత్తనడకన సాగుతుంటే, లేదా పరికరాలు కొన్ని కనిపించి కొన్ని కనిపించకపోతే, మీరో ఏదైనా సాఫ్ట్‌వేరో ఎప్పుడో పెట్టిన రూల్స్ వైపు చూడాలి. డిస్ట్రో రూల్స్ యూఎస్‌ఆర్‌లోని లిబ్ కింద యూడెవ్ డైరెక్టరీలో ఉంటాయి. మీవి ఈటీసీలోని యూడెవ్ కింద ఉంటాయి. రెండు చోట్లా ఒకే పేరున్న ఫైల్ ఉంటే ఈటీసీదే చెల్లుతుంది. ఏళ్ల క్రితం డిస్ట్రో ఫైల్‌ను ఈటీసీలోకి కాపీ చేసి ఒక లైన్ మార్చి ఉంటే, ఇప్పటి అప్‌గ్రేడ్ తెచ్చిన కొత్త ఫైల్‌ను ఆ పాత కాపీ కప్పేస్తుంది. డిస్కులకు సంబంధించిన ఫైల్ అయితే లింకులు రాకపోవడానికి అదొక్కటే చాలు.

ఈటీసీలోని రూల్స్ అన్నింటినీ వేరే ఫోల్డర్‌లోకి జరపండి, చెరపవద్దు. ఇమేజ్‌ను మళ్లీ తయారుచేయండి, ఎందుకంటే ఆ రూల్స్ దానిలోకి కూడా చేరి ఉండవచ్చు. బూట్ అయితే ఒక్కొక్క ఫైల్‌ను వెనక్కి తెస్తూ దోషిని పట్టుకోండి. పాత రూల్స్‌లో బస్, సిస్‌ఎఫ్‌ఎస్ అన్న కీలు కనిపిస్తే వాటికి కాలం చెల్లింది. వాటి చోట సబ్‌సిస్టమ్స్, ఏటీటీఆర్‌ఎస్ వాడాలి. నెట్‌వర్క్ కార్డు కాని పరికరానికి నేమ్ కీతో పేరు మార్చడం ఇప్పుడు కుదరదు, సిమ్‌లింక్ కీ వాడాలి. రన్ కీతో ఎక్కువసేపు నడిచే ప్రోగ్రామ్‌ను మొదలుపెట్టే రూల్ కూడా ప్రమాదమే. ఆ ఈవెంట్ పూర్తికాక దాని మీద ఆధారపడినవన్నీ ఆగుతాయి, చివరికి యూడెవ్ ఆ ప్రోగ్రామ్‌ను చంపేస్తుంది. అలాంటి పనిని సిస్టమ్‌డీ సర్వీస్‌గా రాసి, రూల్‌లో సిస్టమ్‌డీ అండర్‌స్కోర్ వాంట్స్‌తో పిలవాలి. 2023లో వచ్చిన సిస్టమ్‌డీ 254 నుంచి యూడెవ్‌ఏడీఎం వెరిఫై అనే కమాండ్ ఉంది. రూల్స్‌లో తప్పులను ఫైల్, లైన్ నంబర్‌తో సహా చూపిస్తుంది. ఉంటే తప్పక వాడండి.

90 సెకన్లు ఆగి ఎమర్జెన్సీ మోడ్

ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో రాసిన పార్టిషన్ ఒకటి రాలేదు. రూట్ పాస్‌వర్డ్ ఇచ్చి లోపలికి వెళ్లండి. రూట్ ఖాతా లాక్ అయిందని చెబితే లైవ్ యూఎస్‌బీతో ఆ ఫైల్‌ను ఎడిట్ చేయాలి. బీఎల్‌కేఐడీతో పోల్చి యూయూఐడీ సరిచేయండి. బ్యాకప్ డిస్క్‌లాగా లేకపోయినా నడిచేదైతే ఆప్షన్లలో నోఫెయిల్ చేర్చండి, ఇకపై దానికోసం బూట్ ఆగదు.

బూట్ అయింది, నెట్‌వర్క్ లేదు

2013లో సిస్టమ్‌డీ 197 నుంచి నెట్‌వర్క్ కార్డు పేరు అది ఏ స్లాట్‌లో ఉందన్న దాన్నిబట్టి వస్తోంది. పేరు పెట్టే పద్ధతి వెర్షన్‌ను బట్టి మారుతుంది కాబట్టి అప్‌గ్రేడ్ తర్వాత పేరు మారవచ్చు. మీ కాన్ఫిగరేషన్‌లో మాత్రం పాత పేరే ఉంటుంది. ఐపీ లింక్ కొట్టి ఇప్పటి పేరు చూసి సరిచేయండి. మానిటర్ లేని సర్వర్ అయితే ఇది అన్నిటికన్నా బాధపెట్టే సమస్య. అక్కడ మ్యాక్ అడ్రస్ ఆధారంగా మీకు నచ్చిన పేరు పెట్టే లింక్ ఫైల్‌ను ఈటీసీలోని సిస్టమ్‌డీ కింద నెట్‌వర్క్ డైరెక్టరీలో ముందే పెట్టుకోండి.

పాత వెర్షన్‌కు వెనక్కి వెళ్లాల్సి వస్తే

అన్నీ చేసినా కొత్త వెర్షన్‌లోనే బగ్ ఉందని తేలితే సీహెచ్‌రూట్‌లోంచే వెనక్కి వెళ్లండి. ఫెడోరాలో డీఎన్‌ఎఫ్ హిస్టరీ అన్‌డూ. ఆర్చ్‌లో వార్ కింద క్యాష్‌లో ఉన్న పాత ప్యాకేజీలను ప్యాక్‌మ్యాన్ హైఫన్ పెద్ద అక్షరం యూతో ఇన్‌స్టాల్ చేయాలి. డెబియన్‌లో వెర్షన్ నంబర్ చెప్పి ఏపీటీతో. ఏదైనా సిస్టమ్‌డీ, యూడెవ్, వాటి లైబ్రరీలు కలిసే వెనక్కి వెళ్లాలి. తర్వాత ఇమేజ్ మళ్లీ తయారుచేయాలి. ఏపీటీ-మార్క్ హోల్డ్‌తో వాటిని ఆపి ఉంచవచ్చు, కానీ బగ్ సరిచేసిన వెర్షన్ రాగానే హోల్డ్ తీసేయండి. సెక్యూరిటీ అప్‌డేట్లు కూడా దాంతోపాటే ఆగిపోతాయి.

బూట్ సరిగ్గా అయ్యాక జర్నల్‌సీటీఎల్ హైఫన్ బీ హైఫన్ యూ సిస్టమ్‌డీ-యూడెవ్‌డీ కొట్టి హెచ్చరికలేమైనా మిగిలాయేమో చదవండి. రూట్‌డిలే లాంటివి గ్రబ్ కాన్ఫిగరేషన్‌లో శాశ్వతంగా చేర్చి ఉంటే తీసేసి, గ్రబ్‌ను మళ్లీ అప్‌డేట్ చేసి, లైవ్ యూఎస్‌బీని పక్కనే ఉంచుకుని ఇంకో రెండుసార్లు రీబూట్ చేసి చూడండి.